కేంద్ర కారాగార సూపరింటెండెంటు: విధులు, అర్హతలు

మరణశిక్ష పడి క్షమాభిక్షకై నిరీక్షించువారు, యావజ్జీవ ఖైదీలు, ఉగ్రవాద నేరములపై విచారణలో నున్నవారు, ముఠానాయకులు, ఒకమారు తప్పించుకొనిపోయి మరల పట్టుబడినవారు: ఇట్టివారినందరిని ఒకే ప్రాకారములో నుంచి, వారిలో ఏ ఒక్కనిని పోనీయక, ఏ ఒక్కనికిని హాని రానీయక, న్యాయస్థానము అడిగిన దినమున అడిగిన మనిషిని సజీవముగా ఎదుట నిలుపవలసిన బాధ్యత గల ఉద్యోగి కారాగార సూపరింటెండెంటు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కొలరాడోలోని ఫ్లోరెన్స్ నందు 1994లో తెరచిన చెరసాలవలె, మిక్కిలి ప్రమాదకరులని తలచిన ఖైదీలకే ప్రత్యేకించిన కారాగారములు మన దేశమున అరుదు. ఇచ్చట కేంద్ర కారాగారములందే అధిక భద్రతా విభాగములు వేరుగా నుండును. కావున మన సూపరింటెండెంటు ఒకే ఆవరణములో, ఒకే దినమున, బాంబుదాడి కేసులోని ముద్దాయికిని, వరకట్నపు కేసులో కొడుకుతోపాటు వచ్చిన ముసలితండ్రికిని, సెల్‌ఫోను కాజేసిన కుఱ్ఱవానికిని అధికారి కావలసి వచ్చును. ఈ కలయికయే ఆ ఉద్యోగమునందలి అసలు కష్టము. గోడ యెంత ఎత్తున నున్నను, ఆ గోడలోపల ఎవనిని ఎవని పొరుగున నుంచవలెనో గోడ చెప్పజాలదు. అది మనిషి చెప్పవలసిన మాట.

తెలంగాణమున ఈ పదవికి తగిన దృష్టాంతము మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోని చర్లపల్లి కేంద్ర కారాగారము. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును దాటి, తార్నాక కూడలినుండి హబ్సిగూడ, నాచారము, మల్లాపురములమీదుగా ఈశాన్యమునకు సాగు బాట, కర్మాగారముల నడుమ, గోదాముల నడుమ పోయి పోయి తుదకు చేరునట్టి ప్రాంతము చర్లపల్లి. జంటనగరముల కారాగారములలో ఇది వయస్సున చిన్నది. పాతనగరపు దిక్కున నున్న చంచల్‌గూడ కారాగారము నిజాము కాలమున, 1876లో, వెలసినది. ఈ రెంటి నడుమ ముషీరాబాదు కారాగార మొకటి యుండెడిది. నేడు గాంధీ ఆసుపత్రి నిలిచియున్న స్థలమే అది. ఆత్యయిక పరిస్థితి నడచుచున్న దినములలో, 1975 డిసెంబరు 1న, ఆదిలాబాదు జిల్లా రైతుబిడ్డలైన భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసినది ఆ ముషీరాబాదు కారాగారముననే. చికిత్సకై నేడు అచ్చటికి వచ్చు వేలకొలది జనములో ఈ సంగతి నెరిగినవారు కొలదిమంది.

ఉరిశిక్షను గూర్చి ప్రసక్తి వచ్చినది గావున, సూపరింటెండెంటు విధులలో మిక్కిలి దారుణమైన దానిని ఇచ్చటనే చెప్పివేయుట మేలు. మరణశిక్షను అమలుపరుపుమని న్యాయస్థానము పంపు వారంటు కారాగారాధికారి పేరనే వచ్చును. శిక్ష నెరవేరినదని ఆ వారంటుమీద వ్రాసి, సంతకము చేసి, న్యాయస్థానమునకు మరల పంపవలసినవాడును ఆతడే. తీర్పు చెప్పిన న్యాయాధిపతి ఆ ప్రాతఃకాలమున అచ్చట నుండడు. క్షమాభిక్షను త్రోసిపుచ్చిన ప్రభువులును ఉండరు. క్షమాభిక్ష నిరాకరణమును ఖైదీకి తెలిపిన పిమ్మట ఉరికి పదునాలుగు దినముల వ్యవధి యుండవలెనని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసున సర్వోన్నత న్యాయస్థానము విధించెను. ఆ పదునాలుగు దినములును ఖైదీ యెదుట నిలిచి మాటలాడవలసిన ప్రభుత్వ ప్రతినిధి, ఆచరణమున, కారాగారాధికారియే.

శాసనము ఏమి చెప్పుచున్నది

కారాగారములు భారత రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలోని అంశము. అయినను వానికి మూలశాసనము నేటికిని 1894 నాటి కారాగారముల చట్టమే. దానిననుసరించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1979లో చేసిన కారాగార నియమావళి రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకును సంక్రమించినది. చట్టములోని పదునొకండవ విభాగము సూపరింటెండెంటు అధికారమును ఐదు మాటలలో ఇమిడించుచున్నది: క్రమశిక్షణ, శ్రమ, వ్యయము, దండనము, అదుపు. ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆజ్ఞలకు లోబడి ఈ యైదింటను ఆతని మాటయే చెల్లును. ఆ వెంటనే పండ్రెండవ విభాగము ఆతనిని లేఖకునిగా చేయుచున్నది: లోనికి వచ్చిన ఖైదీల పట్టిక, ఎవడు ఏ దినమున విడుదల కావలెనో తెలుపు పుస్తకము, దండనముల పుస్తకము, సందర్శకులు తమ అభిప్రాయములు వ్రాయు పుస్తకము, ఖైదీలనుండి తీసికొన్న ధనము, వస్తువుల లెక్క. అధికారమొసగిన మరుక్షణమున పుస్తకములను చేతబెట్టుట ఆ శాసనకర్తల లోకజ్ఞానమునకు నిదర్శనము. ఒక ఖైదీని శిక్షాకాలము ముగిసిన మరునాడుకూడ లోపల నుంచినచో అది అక్రమ నిర్బంధమగును. ఒకదినము ముందుగా వదలినచో న్యాయస్థానపు ఆజ్ఞను ధిక్కరించుట యగును. శిక్షాపరిహారము, పెరోలు, విచారణకాలమున గడపిన దినముల మినహాయింపు, ఏకకాలమున నడచు శిక్షలు, ఒకదాని వెంట నొకటి నడచు శిక్షలు, ఇవన్నియు కూడి తీసి లెక్కగట్టవలసిన అంకగణితము అంత సులభమైనది కాదు.

ఆ చట్టమున నేటి పాఠకునికి రోత పుట్టించు భాగములును లేకపోలేదు. కారాగార నేరములకు ముప్పది దెబ్బలవరకు కొరడాతో కొట్టించుటకు సూపరింటెండెంటునకు దానియందు అధికారము కలదు. వైద్యాధికారితోపాటు తానును అచ్చట నిలిచి చూడవలెనన్న నిబంధనయు కలదు. ఆంగ్లేయుల కాలమున పెక్కు కేంద్ర కారాగారములకు భారత వైద్య సేవకు చెందిన డాక్టర్లే సూపరింటెండెంట్లుగా నుండెడివారు. ఖైదీని శరీరమాత్రముగా చూచిన కాలమది: కలరా రాకుండ కాపాడవలెను, గానుగ త్రిప్పించవలెను, కొరడా దెబ్బ ప్రాణము తీయకుండ చూడవలెను. నిజాము కారాగారములలో రాజకీయ ఖైదీగా నుండిన వట్టికోట ఆళ్వారుస్వామి తన ‘జైలు లోపల’ కథలలో సాధారణ ఖైదీల జీవితమును చిత్రించెను. ఈ యుద్యోగమునకు రాదలచిన యువకులు నియమావళికి ముందు చదువదగిన పుస్తకమని నా యభిప్రాయము.

ద్వారము, లెక్క

కారాగార భద్రతను గూర్చి సామాన్యులు ఊహించునది ప్రాకారము, కావలి బురుజు, తుపాకి. ఆ శాఖవారు చెప్పునది గేటు, లెక్క. ప్రధానద్వారమునకు రెండు తలుపులుండును. ఒకటి మూసి తాళము పడినగాని రెండవది తెరువరాదు. ఆ రెంటి నడుమ ప్రదేశమున లోనికి పోవు ప్రతి బండిని, బియ్యపు బస్తాను, వార్డరు అన్నపు డబ్బాను తనిఖీ చేయుటకు గేటుకీపరునకు శాసనమే అధికార మొసగినది. ఇక లెక్క: ఉదయము బ్యారకులు తెరచునప్పుడొకటి, పనులకు పంపునప్పుడొకటి, సాయంకాలము లాకప్ వేళ మరియొకటి. లాకప్ నాటి మొత్తము పట్టికతో సరిపోవువరకు ఆ నాటి విధి ముగియదు. ఒక్క తల తగ్గినచో వంటశాలనుండి ఆసుపత్రివరకు మరల మొదటినుండి లెక్క పెట్టవలసినదే. సూపరింటెండెంటు ఈ లెక్కలను తన చేతితో చేయడు. కాని రాత్రివేళ చెప్పకుండ పోయి చూచు అలవాటు గలవాడని వార్డర్లకు తెలిసియున్నచోట లెక్క సరిగా జరుగును.

గోడ దాటి పోయినవారికంటె గోడ దాటి వచ్చిన వస్తువులు నేటి కారాగారాధికారికి ఎక్కువ తలనొప్పి. గంజాయి, సెల్‌ఫోను, సిమ్‌కార్డు ఈ మూడును చెరలోపల నాణెములవంటివి. వీనిని తెప్పించుకొనగలవాడు తక్కిన ఖైదీలపై ప్రభుత్వము చేయును. బంతులలో కూర్చి వెలుపలినుండి విసరునవి కొన్ని. ములాఖత్ నాడు చేతులు మారునవి కొన్ని. చెప్పుటకు బాధాకరమైనను, ఖాకీ దుస్తులలోనే లోనికి పోవునవి కొన్ని. ముఠానాయకుడు వార్డరును బెదరించి లోబరచుకొనుట అరుదు. మొదట కుశలమడుగును, తరువాత ఆతని బిడ్డ చదువునకు సాయము చేయింతునని ఆశపెట్టును, తుదకు ఒక చిన్న పని అడుగును. కారాగారాధికారులు ఖైదీలతో క్రయవిక్రయములు జరుపరాదనియు, కారాగారపు కంట్రాక్టులలో వారికి లాభము ఉండరాదనియు 1894లోనే శాసించిన కారణ మిదియే. తన క్రింది వార్డర్లలో ఎవనికి అప్పులున్నవో, ఎవడు సెలవు దొరకక విసిగియున్నాడో తెలియని అధికారికి భద్రతను గూర్చి ఏమియు తెలియదని చెప్పవచ్చును. ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి యుండవలెనని ఆదర్శ కారాగార నియమావళి సూచించుచున్నది. చాలీచాలని సిబ్బందితో ఈ ప్రమాణమును అందుకొనలేక, సత్ప్రవర్తన గల ఖైదీలనే కన్విక్ట్ వార్డర్లుగా నియమించు పాత ఆచారముపై ఆధారపడుటలో ప్రమాదము కలదు. ఒక ఖైదీకి మరియొక ఖైదీపై అధికారమిచ్చిన చోట అధికారి కన్ను రెండింతలు తెరచియుండవలెను.

భద్రతకు హద్దు

ఈ విషయమున తెలుగునేలనుండి పుట్టిన ఒక కేసు దేశమునకంతకు మార్గదర్శకమైనది. విశాఖపట్టణము కేంద్ర కారాగారమున నున్న నక్సలైటు ఖైదీలు, గోడపై విద్యుత్తు ప్రవహించు తీగను అమర్చుటను, కారాగారమును ఆనుకొని సాయుధ పోలీసులను నిలుపుటను ఆక్షేపించి సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి. భువనమోహన పట్నాయక్ కేసని పేరొందిన ఆ వ్యాజ్యమున 1974లో తీర్పు వచ్చినది. శిక్ష పడినంతమాత్రమున మనిషి తన ప్రాథమిక హక్కులన్నింటిని కోల్పోడని న్యాయస్థానము స్పష్టముగా పలికెను. అయినను న్యాయసమ్మతమైన నిర్బంధమునుండి పారిపోవుట యన్న హక్కు ఎవనికిని లేదని చెప్పి అభ్యర్థనను త్రోసిపుచ్చెను. ఖైదీలు ఆ కేసును ఓడిరి. కాని వారు ఓడిన కేసులోని మాటలనే ఆధారముగా చేసికొని తరువాతి ఖైదీలు పెక్కు కేసులను గెలిచిరి.

1978లో సునీల్ బాత్రా కేసున వచ్చిన తీర్పు అధిక భద్రతా విభాగపు తలుపులనే తట్టినది. మరణశిక్ష పడినవానిని తక్కినవారినుండి వేరుగా నుంచి రేయింబవళ్లు కాపలా పెట్టవలెనని 1894 చట్టపు ముప్పదవ విభాగము చెప్పుచున్నది. దాని నాధారముగా చేసికొని అప్పీళ్లు, క్షమాభిక్షలు ముగియకమునుపే ఆతనిని ఏకాంతవాసమున పడవేయుట చెల్లదని న్యాయస్థానము తీర్మానించెను. పదునైదు దినములకు మించి ఎడతెగని ఏకాంతవాసమును ఐక్యరాజ్య సమితి 2015లో అంగీకరించిన నెల్సన్ మండేలా నియమములు నిషేధించుచున్నవి. సూపరింటెండెంటు ఒకనిని వేరుపరచినప్పుడెల్ల, ఎందులకు వేరుపరచితినని, ఎంతకాలమునకని, ఎవరు చూచిరని కారణములు వ్రాసిపెట్టుట అందుచేత అవసరము. ఖైదీలకు కులమునుబట్టి పనులు పంచు నిబంధనలు ఇంకను కొన్ని రాష్ట్రముల నియమావళులలో మిగిలియుండగా వానిని 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది. పాకీపని ఎవనిది, వంటపని ఎవనిది అని నిర్ణయించు కలము ఈ అధికారి చేతనే యుండును గనుక ఆ తీర్పు ముఖ్యముగా ఆతనికి చేరవలసినది.

చర్లపల్లిలో భద్రత యొక్క పరాకాష్ఠ కానవచ్చినది ఉగ్రవాద కేసుల విచారణకాలమున. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసును విచారించు ప్రత్యేక న్యాయస్థానమును కారాగార ప్రాంగణమునకే తరలించిరి. యాసిన్ భత్కల్‌తో సహా ఐదుగురికి 2016 డిసెంబరులో అచ్చటనే మరణశిక్ష విధింపబడెను. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కులలో జరిగిన పేలుళ్ల కేసునకును 2018లో తీర్పు వెలువడినది అచ్చటనే. ముద్దాయిలను ప్రతి వాయిదాకు నగరవీథులగుండ తిప్పు గండము ఇందువలన తప్పును. అయితే చెర, న్యాయపీఠము ఒకే గోడలోనుండుట న్యాయదృష్టికి సులభముగా రుచించు సంగతి కాదు. సాక్షులు, న్యాయవాదులు, బంధువులు నిర్భయముగా వచ్చిపోవునట్లు చూచు భారము అప్పుడు కారాగారాధికారిపై అదనముగా పడును.

ఇంత కట్టుదిట్టమైన ఈ కారాగారమునకు సమీపముననే ఖైదీల వ్యవసాయ క్షేత్రము కలదు. బయలు కారాగారమన్న మాట. ఈ ప్రయోగమునకు మల్కాజ్‌గిరి ప్రాంతము పాతకాపు: 1950 దశాబ్దముననే మౌలాలిలో ఇట్టి క్షేత్రమును నెలకొల్పిరి, తరువాత అనంతపురము చెంత రెడ్డిపల్లిలో మరియొకటి వెలసినది. సత్ప్రవర్తనతో శిక్షలో కొంతభాగము గడపిన ఖైదీలు అచ్చట పైరులు పండింతురు, పశువులను మేపుదురు. పారిపోదలచినచో ఆపునది వారి మనస్సు తప్ప మరేమియు లేదు. క్షేత్రమునకు అధికారి వేరు. ఎంపికకు పై అధికారుల యామోదము కావలెను. అయినను ఫలానావానిని నమ్మవచ్చునను మొదటిమాట కేంద్ర కారాగార సూపరింటెండెంటు నోటినుండియే రావలెను. ఆ మాట తప్పైనచో పత్రికలలో ఆతని పేరు పడును. ఆ భయమున ఎవనిని నమ్మకపోయినచో ఏ పత్రికయు ఏమియు వ్రాయదు, మంచి ఖైదీ ఒకడు అనవసరముగా బ్యారకులో ముసలివాడగును. ఈ యుద్యోగములో అతిజాగ్రత్తకు దండన లేదు. అందువలననే నమ్మదగినవానిని గుర్తించి, గుర్తించితినని సంతకము చేయగల ధైర్యమును నేను ప్రథమార్హతగా ఎంచుదును.

అర్హతలు, శిక్షణ

తెలంగాణమున ఈ శాఖలో ప్రవేశించుటకు మూడు మెట్లు కలవు. ఇంటర్మీడియట్ చదివినవారు వార్డర్లుగాను, పట్టభద్రులు డిప్యూటీ జైలర్లుగాను పోలీసు నియామక మండలి పరీక్షలద్వారా చేరుదురు. దేహదారుఢ్య పరీక్షయు ఉండును. పబ్లిక్ సర్వీసు కమిషన్ జరుపు గ్రూప్-1 పరీక్షలో నెగ్గినవారు తిన్నగా డిప్యూటీ సూపరింటెండెంట్లగుదురు. వార్డరు, హెడ్ వార్డరు, చీఫ్ హెడ్ వార్డరు, డిప్యూటీ జైలరు, జైలరు, డిప్యూటీ సూపరింటెండెంటు, సూపరింటెండెంటు: ఇది నిచ్చెన. శాఖాధిపతిగా పోలీసు సేవకు చెందిన అధికారి వచ్చుట వాడుక. కారాగారములను నడుపువారు మాత్రము శాఖలో పెరిగినవారే. పట్టుకొను వృత్తియు, ఉంచుకొను వృత్తియు ఒకటి కావని శాఖలోని పెద్దలు చెప్పు మాటలో సత్యము కలదు. కాని 1993 మొదలు 1995 వరకు తీహారును పాలించిన పోలీసు అధికారిణి కిరణ్ బేడీ వంటి ఉదాహరణములు ఆ మాటకు అపవాదముగా నిలిచియున్నవి. 1980లో నియమింపబడి 1983లో నివేదిక నిచ్చిన జస్టిస్ ముల్లా సంఘము కారాగారములకు అఖిలభారత స్థాయి సేవ ప్రత్యేకముగా నుండవలెనని సూచించినది. ఆ సూచన నేటికిని కాగితముమీదనే కలదు.

శిక్షణకు చంచల్‌గూడలో రాష్ట్రసంస్థ యొకటియు, దక్షిణ రాష్ట్రములకన్నింటికి ఉమ్మడిగా 1979లో వేలూరున నెలకొల్పిన అకాడమీయు కలవు. శిక్షాస్మృతి, సాక్ష్యశాస్త్రము, నేరశాస్త్రము, ఆయుధాభ్యాసము, లెక్కలు అచ్చట నేర్పుదురు. మండేలా నియమములు కారాగారాధిపతికి కోరు అర్హతలు వేరొక తీరుగానున్నవి: శీలము, పరిపాలనా సామర్థ్యము, తగిన శిక్షణ, అనుభవము, ఆతడు పూర్తికాలము ఆ పనియందే యుండవలెను, కారాగార ప్రాంగణమునగాని చేరువనగాని నివసింపవలెను, ఖైదీలలో అధికసంఖ్యాకులు మాటలాడు భాష నెరిగియుండవలెను. ఈ చివరి నియమము హైదరాబాదున చిన్నది కాదు. తెలుగు, ఉర్దూ రెండును రాని అధికారి చర్లపల్లి బ్యారకులలో తిరిగినను మధ్యవర్తి చెప్పినదే వినును; ఆ మధ్యవర్తి ఎవడన్నదానినిబట్టి కారాగారము ఎవని చేతిలో నున్నదో తేలును.

సూపరింటెండెంటు వర్తకుడు కూడ కావలసియున్న కాలమిది. తెలంగాణ కారాగారముల వస్తువులు ‘మై నేషన్’ పేరున అంగళ్లకు వచ్చుచున్నవి. ఖైదీలు పనిచేయు పెట్రోలు బంకులు రహదారులవెంట వెలసినవి. చర్లపల్లిలో ఉక్కు సామానులు, రొట్టెలు, సబ్బులు తయారగును. ఇది యెంత మంచిదైనను, ఆదాయపు లెక్కలు పెరిగినకొలది ఖైదీ పనివాడుగా కానవచ్చునేగాని, విడుదలైన పిమ్మట బ్రతుకవలసిన మనిషిగా కానరాకపోవు అపాయము కలదు. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసున, నిరుద్యోగులను మోసగించిన ఒక తెలుగునాటి యువకుని శిక్షను తగ్గించుచు, ఆతనికి బుద్ధికి పనిచెప్పు పని నొసగవలెనని, వేతనమియ్యవలెనని జస్టిస్ కృష్ణయ్యరు కారాగారాధికారులను ఆదేశించిన తీర్పు ఈ విషయమున ఇప్పటికిని చదువదగినది. చదువు విషయమున అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఖైదీలకు పట్టములు సంపాదించుకొను దారి చూపినది. మనస్సు విషయమున ఉస్మానియా మనస్తత్వశాస్త్ర ఆచార్యుల తోడ్పాటుతో ‘ఉన్నతి’ యను కార్యక్రమము చర్లపల్లిలో నడచినది. కోపము వచ్చునప్పుడు కలుగు ఆలోచనను గుర్తించి, దానిని మరల్చుకొనుటను ఖైదీలకు నేర్పుట దాని పద్ధతి. తార్నాకకును చర్లపల్లికిని నడుమ ఇట్టి రాకపోకలు ఇంకను విరివిగా నుండదగినవి. విశ్వవిద్యాలయమున నేరశాస్త్రమును చదువు విద్యార్థికి అంతకంటె దగ్గరనున్న ప్రయోగశాల దొరకదు.

2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సూపరింటెండెంటుపై మరియొక భారము మోపినది. విచారణ ఖైదీ తన నేరమునకు గల గరిష్ఠ శిక్షలో సగము, మునుపు నేరము చేయనివాడైనచో మూడవవంతు, లోపల గడపిన వెంటనే, ఆతని విడుదలకై న్యాయస్థానమునకు వ్రాతమూలకముగా దరఖాస్తు చేయవలసిన విధి కారాగారాధికారిదే. మరణశిక్షగాని యావజ్జీవముగాని పడదగిన నేరములకు ఇది వర్తింపదు. న్యాయవాదిని పెట్టుకొనలేని చిల్లర దొంగ పక్షమున, ఆతనిని బంధించియుంచిన అధికారియే వాదిగా నిలువవలెనన్నమాట.

కేంద్ర ప్రభుత్వము 2023లో ఆదర్శ కారాగారముల, సంస్కరణ సేవల చట్టమును రూపొందించి రాష్ట్రములకు పంపినది. 1894 నాటి శాసనమున పేరైనను లేని అధిక భద్రతా కారాగారమునకును, బయలు కారాగారమునకును దీనియందు వేర్వేరు నిబంధనలు కలవు. నిషిద్ధ వస్తువులను, సెల్‌ఫోనులను లోనికి చేర్చువారికి శిక్షలును కలవు. ఈ విషయము రాష్ట్రముల జాబితాలోనిది గనుక దానిని అంగీకరించి తమ శాసనముగా చేసికొనుట ఆయా శాసనసభల పని.